పై ఆకాశంలో విరిగే అలలు



సముద్రపు అలను చూడనివారు మనలో తక్కువ. బాపట్ల, మచిలీపట్నం వైపు పుట్టి పెరిగినవారికైతే అలల చప్పుడు జోలపాటవంటిది. కాని మన తలలమీది గాలిలో కూడా అలలు లేస్తాయనీ, కొండల దగ్గరా ఉరుము మేఘాల దగ్గరా పుట్టి 80, 90 కిలోమీటర్ల ఎత్తుదాకా ఎక్కిపోతాయనీ, అక్కడ ఒడ్డును తాకిన అలలాగే విరిగిపోతాయనీ చాలామంది విని ఉండరు. సృష్టికర్త చేతిపనిని తలపోసే ఈ శీర్షికలో ఈ నెల ఆ అలలను గురించి, పై ఆకాశంలోని స్వల్ప వాయువులను అవి ఏమి చేస్తాయో దాన్ని గురించి చూద్దాము. ఇంత దూరపు సంగతి మనకెందుకు అనుకోవద్దు. మన పొలంలో చల్లే యూరియా దగ్గరికీ, ఇంట్లోని ఫ్రిజ్ దగ్గరికీ అది వచ్చి ఆగుతుంది.

అల పుట్టుక

ఎండు కొబ్బరికాయను చెరువు నీటిలోకి నొక్కి వదలండి. అది పైకి లేస్తుంది, మళ్ళీ కొంచెం మునుగుతుంది, మళ్ళీ లేస్తుంది. అలా కాసేపు ఊగి నిలుస్తుంది. దాని చుట్టూ నీటిమీద అలలు బయలుదేరుతాయి.

గాలి కూడా అంతే. కొండ అడ్డు వచ్చినప్పుడో, ఉరుము మేఘం కిందనుండి తోసినప్పుడో కొంత గాలి పైకి ఎక్కుతుంది. ఎక్కిన గాలి విస్తరించి చల్లబడుతుంది. చల్లబడి చుట్టూ ఉన్న గాలికన్నా బరువెక్కుతుంది. బరువెక్కినదాన్ని భూమి కిందికి లాగుతుంది. దిగి వచ్చే ఊపులో అది తన మొదటి చోట ఆగక ఇంకా కిందికి పోతుంది. అక్కడ ఒత్తుకొని వేడెక్కి, తేలికై, మళ్ళీ పైకి లేస్తుంది. ఈ ఊగులాట ఒక్కసారి పూర్తి కావడానికి కొన్ని అలలకు అయిదారు నిమిషాలు, కొన్నిటికి చాలా గంటలు పడుతుంది.

వాగులో మునిగిన బండరాయి మీదుగా నీరు పారేటప్పుడు, రాయి దాటాక నీటిమీద ముడతలు నిలిచి ఉండడం మీరు చూసే ఉంటారు. కొండల మీదుగా గాలి వీచినప్పుడు ఆకాశంలో అటువంటి ముడతలే పడతాయి. ఒక్కొక్కప్పుడు మేఘాలు దున్నిన చాళ్ళలాగ వరుసలు తీరి కనిపిస్తాయి కదా! చాలాసార్లు అది ఈ అలల గుర్తే.

శాస్త్రజ్ఞులు వీటిని గ్రావిటీ వేవ్స్ అంటారు. మనం గురుత్వ అలలు అందాము. భూమి లాగుడే వీటిని ఊపుతుంది కనుక ఆ పేరు వచ్చింది. 2015లో అమెరికాలోని యంత్రాలు పట్టుకున్న గురుత్వాకర్షణ తరంగాలు వేరు. అవి నక్షత్ర లోకంలో రెండు కృష్ణబిలాలు కలిసిపోయినప్పుడు పుట్టినవి. పేరులో పోలికే తప్ప రెండింటికీ సంబంధం లేదు.

చెర్నాకోల చివర

గొడ్లు తోలేవాని చెర్నాకోలను చూడండి. పిడి దగ్గర లావు, చివరికి వచ్చేసరికి సన్నని తాడు. చేతి దగ్గర కదలిక కొంచెమే, కొసన మాత్రం చెళ్ళుమని మోగుతుంది. పిడి దగ్గర వేసిన బలమే సన్నబడిన చోటికి చేరి అంత వేగమైంది.

ఆకాశం కూడా అటువంటి చెర్నాకోలే. పైకి పోయినకొద్దీ గాలి పలచబడుతుంది. సుమారు 85 కిలోమీటర్ల ఎత్తులో గాలి సాంద్రత నేలమీది గాలిలో లక్షోవంతు కూడా ఉండదు. అందువల్ల కింద చిన్నగా మొదలైన అల పైకి వెళ్ళేకొద్దీ పెద్దదవుతుంది. దారిలో బలం ఏమీ పోగొట్టుకోకపోతే, నేల దగ్గర ఒక మీటరు ఊగినది అక్కడ 300 మీటర్లు ఊగుతుంది. చివరికి తన బరువును తానే మోయలేక, ఒడ్డున అల తల వంచి పడినట్లు విరిగి, సుడులై చెదిరిపోతుంది. ఎత్తయిన ఆకాశంలో కనిపించే ఆ వింత గాలి కదలికలు కిందినుండి వచ్చిన ఇటువంటి అలలేనని 1960లో కెనడాలో పనిచేస్తున్న కోలిన్ హైన్స్ అనే శాస్త్రజ్ఞుడు వివరించాడు.

ఈ అలలను కొలిచే గొప్ప సాధనం మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. తిరుపతికి దగ్గరలో గాదంకి అనే పల్లె ఉంది. అక్కడ 1990ల మొదట్లో ఒక పెద్ద రాడార్‌ను కట్టారు. దానికి 1024 ఆంటెన్నాలు. ఒకప్పుడు దూరదర్శన్ కోసం మన ఇళ్ళ కప్పులమీద కట్టుకున్న ఆంటెన్నాల జాతివే అవి, వరుసకు 32 చొప్పున 32 వరుసలు. 1998లో అక్కడే లేజర్ కాంతితో రాత్రివేళ ఆకాశపు ఉష్ణోగ్రతను చూసే లైడార్ అనే పరికరం కూడా వచ్చింది. వరి, చెరకు, మామిడి పండే సీమలో కూర్చుని మనవాళ్ళు ఆకాశపు అలలను లెక్కపెడుతున్నారంటే సంతోషించవలసిన విషయమే.

కూరలో ఉప్పు

ఇప్పుడు స్వల్ప వాయువుల సంగతి. తేమ లేని గాలిలో నైట్రోజన్ 78 వంతులు, ఆక్సిజన్ 21 వంతులు, ఆర్గాన్ ఇంచుమించు ఒక వంతు. ఇక మిగిలింది నూటికి అర వంతులో పదోవంతు కూడా లేదు. బొగ్గుపులుసు వాయువు, ఓజోన్, నైట్రిక్ ఆక్సైడ్ మొదలైనవన్నీ ఆ కొంచెంలోనే సర్దుకోవాలి.

కొంచెమని తీసివేయడానికి లేదు. కుండెడు కూరకు చిటికెడు ఉప్పే రుచి. ముద్దంతటినీ పులియబెట్టేది కొంచెం పులిసిన పిండే. ఓజోన్ అత్యధికంగా ఉండే చోట కూడా పది లక్షల గాలి అణువుల్లో ఎనిమిదో పదో మాత్రమే దాని అణువులు. ఆకాశంలోని ఓజోన్‌నంతా నేలమీదికి తెచ్చి పరిస్తే సుమారు 3 మిల్లీమీటర్ల మందమే ఉంటుంది. ఆ పలుచని దుప్పటి లేకపోతే సూర్యుని అతినీలలోహిత కిరణాలు మన కళ్ళలో శుక్లాలు తెస్తాయి, చర్మాన్ని పాడుచేస్తాయి, పైరును కుంగదీస్తాయి. ఈ దుప్పటి చాలావరకు 15 నుండి 35 కిలోమీటర్ల ఎత్తులో, స్ట్రాటో ఆవరణంలో ఉంది. దాని పైన సుమారు 50 నుండి 85 కిలోమీటర్ల దాకా మీసో ఆవరణం. మన అలలు ఎక్కువగా విరిగేది అక్కడా, దానికి కొంచెం పైనా.

పడవ కింద పోయిన అల

నడి సముద్రంలో లంగరు వేసిన పడవ కిందుగా అల పోతే పడవ లేచి దిగుతుంది, అంతే. అల పోతుంది, పడవ ఉన్న చోటనే ఉంటుంది. అదే అల ఒడ్డున విరిగినప్పుడు ఇసుకను కదిలిస్తుంది, గవ్వలను తెచ్చి పోస్తుంది, తీరాన్నే మారుస్తుంది.

పై గాలిలోనూ చాలావరకు ఇదే నియమం. విరగకుండా సాగిపోయే అల వాయువుల పొరలను ఊపుతుందే గాని, ఊపి మళ్ళీ ఉన్న చోటనే వదిలిపెడుతుంది. విరిగినప్పుడు మాత్రం రెండు పనులు చేస్తుంది. సుడులు రేపి పై పొరనూ కింది పొరనూ కలుపుతుంది. తాను దూరంనుండి మోసుకొచ్చిన బలాన్ని అక్కడి గాలికి అప్పగించి దాని నడకను మారుస్తుంది. అందువల్ల కలిగే పనులలో మూడింటిని చూద్దాము.

మొదటిది, ఒంటరి ఆక్సిజన్. 100 కిలోమీటర్ల పైన సూర్యకాంతి ఆక్సిజన్ అణువులను చీల్చి ఒంటరి పరమాణువులుగా చేస్తుంది. విరిగిన అలలు రేపిన సుడులు వీటిని కిందికి దించుతాయి. అక్కడ అవి మళ్ళీ జతకూడి వేడినీ, మసక వెలుగునూ ఇస్తాయి. అమావాస్య రాత్రి కూడా ఆకాశం పూర్తిగా నల్లగా ఉండకపోవడానికి ఇది ఒక కారణం. అంతరిక్ష కేంద్రం నుండి తీసిన ఫొటోలలో భూమి అంచున సన్నని ఆకుపచ్చ గీతగా కనబడేది ఇదే. నాసా వారు 2023 నవంబరులో అంతరిక్ష కేంద్రానికి ఒక ప్రత్యేక కెమెరాను పంపారు. 87 కిలోమీటర్ల ఎత్తున ఉండే ఇటువంటి మరొక వెలుగులో అలల ముడతలను చూడడం దాని పని. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను అమెరికాలోని ఫ్లోరిడాను తాకినప్పుడు, దాని నుండి ఉంగరాల్లా లేచిన అలలను అది పట్టుకుంది. కింద ఇళ్ళ కప్పులు లేచిపోతున్నప్పుడు దాని అదురు అంత ఎత్తున వినబడిందన్నమాట. మన బంగాళాఖాతపు తుఫానులు కూడా ఇటువంటి అలలను పైకి పంపేవే.

రెండవది, నీటి ఆవిరి. అలలు ఇచ్చిన బలంవల్ల మీసో ఆవరణపు గాలి వేసవి ధ్రువం దగ్గర పైకి లేచి, చలికాలపు ధ్రువం వైపు నడిచి, అక్కడ దిగుతుంది. పైకి లేచే గాలి చల్లబడుతుందని ముందే అనుకున్నాం గదా. అందుకే జూన్, జూలై నెలల్లో ఉత్తర ధ్రువం మీద సూర్యుడు అస్తమించకుండా వెలుగుతున్నా, 85 కిలోమీటర్ల ఎత్తులో చలి సున్నాకు 130 డిగ్రీల దిగువకు పోతుంది. భూమి గాలిలో అంతకన్నా చల్లని చోటు లేదు! గాలితోపాటు ఎక్కిన ఆ కొద్దిపాటి ఆవిరి అక్కడ మంచు రేణువులై, రాత్రివేళ వెండిలా మెరిసే మేఘాలవుతుంది. ఐరోపావారు వాటిని 1885లో మొదట గుర్తించారు.

మూడవది, నైట్రిక్ ఆక్సైడ్. ధ్రువకాంతులు పుట్టే ఎత్తులలో ఈ వాయువు తయారవుతుంది. చలికాలపు ధ్రువం దగ్గర దిగే గాలి దీన్ని కిందికి తెస్తుంది. సూర్యుడు లేని ఆ చీకటిలో అది నశించక స్ట్రాటో ఆవరణానికి చేరి ఓజోన్‌ను తింటుంది. 2009 జనవరిలో ఉత్తర ధ్రువ ప్రాంతపు స్ట్రాటో ఆవరణం హఠాత్తుగా వేడెక్కి అక్కడి గాలుల దారి మారింది. తరువాతి వారాలలో ఈ వాయువు మామూలుకన్నా ఎక్కువగా దిగడాన్ని ఉపగ్రహాలు చూశాయి. పైకి పోయే అలల్లో వేటిని దాటనివ్వాలో, వేటిని ఆపాలో కింది గాలులే నిర్ణయిస్తాయి. ఆ గాలులు మారితే అలలు విరిగే చోటు మారుతుంది, దిగివచ్చే వాయువుల లెక్కా మారుతుంది.

ముత్యపు మేఘాల కింద

ఇంతవరకు అల మంచిదా చెడ్డదా అని మనం అడగలేదు. అడగవలసిన చోటు ఇదే.

నార్వే, స్వీడన్ దేశాల కొండలమీద చలికాలంలో గాలి బలంగా వీచినప్పుడు, గురుత్వ అలలు స్ట్రాటో ఆవరణంలోకి ఎక్కుతాయి. ఇక్కడ అల విరగవలసిన పని కూడా లేదు. గాలిని పైకెత్తిన ఆ కొద్దిసేపట్లోనే అది పది డిగ్రీలకు పైగా చల్లబడగలదు. అప్పుడు 20, 25 కిలోమీటర్ల ఎత్తులో ముత్యపుచిప్ప లోపలి రంగులన్నీ మెరిసే మేఘాలు ఏర్పడతాయి. చూడడానికి ఎంతో అందం. కాని ఆ మేఘపు రేణువుల మీదనే, అంతవరకు హాని చేయకుండా కట్టుబడి ఉన్న క్లోరిన్ విడివడి చురుకవుతుంది. ఎండ తగలగానే ఓజోన్‌ను నాశనం చేస్తుంది. కొండలవల్ల లేచిన అలలు ఈ నష్టాన్ని పెంచుతున్నాయని 1998లో శాస్త్రజ్ఞులు చూపారు.

ఆ క్లోరిన్ అక్కడికి ఎలా వచ్చింది? చాలావరకు మనుష్యులు పంపినదే. ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాలలో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు పైకి పోయి అక్కడ చీలిపోతాయని 1974లో మొలీనా, రోలండ్ హెచ్చరించారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ రంధ్రం బయటపడింది. కొండలు అనాదినుండి ఉన్నాయి, అలలు అనాదినుండి లేస్తున్నాయి, ముత్యపు మేఘాలూ పాతవే. మనం క్లోరిన్ పంపకముందు వాటివల్ల ఓజోన్‌కు ఇంతటి హాని లేదు. అల తన ఎదుట ఉన్నదానిమీదనే పనిచేస్తుంది. అక్కడ ఏమి ఉంచామన్నది మన లెక్క.

ఈ కథలో నిరీక్షణ కూడా ఉంది. 1987లో మాంట్రియల్ నగరంలో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. తరువాత లోకంలోని దేశాలన్నీ అందులో చేరాయి. ఇప్పటి నియమాలు నిలబడితే అంటార్కిటికా మీద ఓజోన్ సుమారు 2066 నాటికి 1980 నాటి స్థితికి వస్తుందని 2022 నాటి అంతర్జాతీయ నివేదిక అంచనా వేసింది. మనుష్యులు తప్పు తెలుసుకొని తిరిగితే ఆకాశం కూడా నెమ్మదిగా బాగుపడుతుంది.

ఇక మన పొలం సంగతి. భూమిలో మోతాదుకు మించి వేసిన నత్రజనిని సూక్ష్మజీవులు కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా మారుస్తాయి. అది గాలిలో వందేళ్ళకు పైగా ఉంటుంది. భూమండలమంత వెడల్పున్న పెద్ద అలలు, మనం చెప్పుకున్న చిన్న అలలు కలిసి నడిపే గాలి ప్రవాహం, మన దేశం వంటి ఉష్ణ దేశాల మీదుగానే స్ట్రాటో ఆవరణంలోకి ఎక్కుతుంది. ఆ వాకిట్లోనుండి ఎక్కిన నైట్రస్ ఆక్సైడ్‌లో కొంత అక్కడ ఓజోన్‌ను తినే వాయువుగా మారుతుంది. మనుష్యుల పనులవల్ల ఇప్పుడు విడుదలవుతున్న ఓజోన్ నాశకాలలో ఇదే మొదటిదని 2009లో అమెరికా శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు.

యూరియా వేయడం పాపమని నేను చెప్పడం లేదు. పిల్లలకు అన్నం పెట్టే పైరుకు బలం కావాలి. కాని పక్క చేను నల్లగా కనబడుతున్నదని ఇంకొక బస్తా చల్లేముందు భూసార పరీక్ష చేయించండి. ఒకేసారి కాక రెండు మూడు దఫాలుగా వేయండి. 2015 నుండి మన దేశంలో తయారయ్యే యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి చేశారు. నత్రజని నెమ్మదిగా విడుదల కావాలనే ఆ ఏర్పాటు. అలాగే పాత ఫ్రిజ్ బాగుచేయించేటప్పుడు లోపలి గ్యాసును గాలిలోకి వదలవద్దని, సిలిండరులోకి తీసుకోమని మెకానిక్‌ను అడగండి. ఏదెను తోటలో ఆదామును ఉంచినప్పుడు దేవుడు అతనికి అప్పగించినవి రెండు పనులు. సాగుచేయడం ఒకటి, కాపాడడం ఒకటి. మొదటిది మనకు బాగా గుర్తుంది.

విరిగినప్పుడు వచ్చేది

ప్రియులారా, ఈ అలలు వాక్యాన్ని రుజువు చేస్తున్నాయని నేను అనను. వాక్యానికి అలల సాక్ష్యం అవసరం లేదు. అయినా సృష్టిని చూసి నేర్చుకొమ్మని ప్రభువే పక్షులను, పువ్వులను చూపించాడు గనుక, మనమూ ఒక మాట నేర్చుకోవచ్చును.

అయిదు రొట్టెలు ఆ చిన్నవాని బుట్టలో ఉన్నంతసేపు అయిదు రొట్టెలే. ప్రభువు చేతిలో విరిగినప్పుడే అవి వేలమందికి ఆహారమైనవి. ప్రభువు బల్ల దగ్గర కాపరి రొట్టె విరిచినప్పుడల్లా ఆ సంగతి మనకు జ్ఞాపకం వస్తుంది. మన కళ్ళముందు విరగకుండా సాగిపోయే జీవితాలు ఎన్నో! పక్కవారిని కాసేపు ఊపుతాయి, పేరు వినబడుతుంది, తరువాత అంతా ఎప్పటిలాగే ఉంటుంది. తన నిద్ర విరిచి రోగి పక్కన కూర్చున్న తల్లి, తన మాట విరుచుకొని తమ్ముని దగ్గరికి వెళ్ళిన అన్న, వీరు తీరాన్ని మార్చిన అలలు.

కష్టాలన్నీ మంచివేనని చెప్పి, కష్టంలో ఉన్నవారిని ఇంకా నొప్పించకూడదు. విరగడం ఒక్కటే చాలదు. పైకెత్తబడిన గాలిలో క్లోరిన్ ఉంటే బయటపడేది క్లోరినే. మనిషి విరిగినప్పుడు కూడా లోపల ఉన్నదే బయటికి వస్తుంది. ద్వేషం దాచుకున్నవాడు కష్టంలో ద్వేషాన్నే చిమ్ముతాడు. ప్రేమను నింపుకున్నవాడు ప్రేమను పంచుతాడు. అందుకే సుఖంగా ఉన్న రోజులలోనే లోపల ఏమి నింపుకుంటున్నామో చూసుకోవాలి. ఆకాశానికి ఆ మాట ఎంత నిజమో హృదయానికీ అంతే నిజం.

ఈ నెల ఒక సాయంకాలం కుటుంబ ప్రార్థనలో అయిదు రొట్టెల సంగతి చదువుకోండి. ప్రార్థన అయ్యాక పిల్లలను ఆరుబయటికి తీసుకొని వెళ్ళి ఆకాశం చూపించండి. కనబడని అలలు అక్కడ ఆ క్షణాన కూడా ఎక్కుతున్నాయని, విరుగుతున్నాయని చెప్పండి. ఎరువు బస్తా సంగతి కూడా వారి ముందే మాట్లాడుకోండి. రేపు ఆ పొలాన్నీ, ఆ ఆకాశాన్నీ ఏలవలసినవారు వారే.

పరలోకపు తండ్రీ, కొంచెమైనవాటితో గొప్ప పనులు చేయువాడా, నీవు మా మీద కప్పిన ఆకాశమును కాపాడే బుద్ధిని మాకు దయచేయుము. మేము విరిగిన దినమున మాలోనుండి నీ ప్రేమయే బయలుపడునట్లు మమ్మును నింపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.